ఆ సర్వర్ ఎవరిది? క్లౌడ్ ఖర్చు, భద్రత సాధనాలను కలిపి చూస్తే

అనంతపురంలో ఎనిమిది మంది పనిచేసే ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసును ఊహించుకుందాం. చీనీకాయల మార్కెట్లోని మండీలకు లెక్కల సాఫ్ట్‌వేర్, కర్నూలులో రెండు కాలేజీలకు ఫీజులు, ఫలితాల వెబ్‌సైట్లు, కడపలో ఒక నర్సింగ్ హోముకు ల్యాబ్ రిపోర్టుల యాప్. అన్నీ క్లౌడ్‌లోనే, అంటే పెద్ద కంపెనీల దగ్గర ఇంటర్నెట్ మీద అద్దెకు తీసుకున్న సర్వర్లలోనే నడుస్తాయి. మొదట సర్వర్లన్నీ పెట్టిన కుర్రాడు రెండేళ్లు బాగా పనిచేసి, బెంగళూరులో మంచి జీతం వచ్చిందని వెళ్లిపోయాడు. రెండొందల పైచిలుకు కిలోమీటర్ల దూరంలో అంత పెద్ద ఊరు ఉన్నప్పుడు ఇక్కడి ఆఫీసులకు ఇది మామూలే. ఆరు నెలల తర్వాత క్లౌడ్ బిల్లు తీసి చూస్తే ఇరవై వరసలున్నాయి. వాటిలో సగం ఏమిటో ఎవరికీ తెలియదు. తీసేద్దామంటే భయం, ఫలితాల రోజు ఏదైనా ఆగిపోతే కాలేజీకి జవాబు చెప్పలేరు. వదిలేద్దామంటే నెలనెలా డబ్బు పోతోంది. వాటిలో ఒకదాని తాళం ఎప్పుడో బయటివాళ్ల చేతికి చిక్కి ఉన్నా తెలిసే దారి లేదు.

ఈ చిక్కు విప్పుతామనే సాధనాలు మార్కెట్లో బోలెడు ఉన్నాయి. ఖర్చు తగ్గించేవి ఒక వరస, భద్రత చూసేవి ఇంకో వరస. పెద్ద కంపెనీల్లో ఆ రెండు పనులకూ వేర్వేరు టీములుంటాయి కాబట్టి వాళ్లకు ఈ విభజన సరిపోతుంది. ఎనిమిది మంది ఆఫీసులో దానికి అర్థం లేదు. మరిచిపోయిన సర్వరే డబ్బు తింటుంది, ఏళ్ల తరబడి అప్‌డేట్ లేక దొంగకు దారి ఇచ్చేదీ అదే సర్వర్. అందుకే ఈ సాధనాలను పోల్చేటప్పుడు ఎన్ని గ్రాఫులు చూపిస్తుందన్న లెక్క పక్కన పెట్టి ఒక్క ప్రశ్న అడగడం మేలు. తెరిచి చూస్తే ఇది ఎవరిది, ఎందుకుంది, దీన్ని ఎవరు తెరవగలరు అన్నది తెలుస్తోందా?

బిల్లు చదవడం

క్లౌడ్ కంపెనీలు తమ సొంత ఖర్చు సాధనాలను దాదాపు ఉచితంగానే ఇస్తాయి. అమెజాన్ ఏడబ్ల్యూఎస్‌లో కాస్ట్ ఎక్స్‌ప్లోరర్, మైక్రోసాఫ్ట్ అజూర్‌లో కాస్ట్ మేనేజ్‌మెంట్, గూగుల్ క్లౌడ్‌లో బిల్లింగ్ రిపోర్టులు. చాలా ఆఫీసుల్లో వీటిని తెరిచి, మొదటి గ్రాఫు చూసి మూసేస్తారు. అసలు సమాచారం ఇంకో రెండు క్లిక్కుల లోపల ఉంటుంది.

కాస్ట్ ఎక్స్‌ప్లోరర్‌లో 'గ్రూప్ బై' దగ్గర 'యూసేజ్ టైప్' ఎంచుకుంటే కోడ్ భాషలో పేర్లు వస్తాయి. 'ఏపీఎస్3-బాక్స్‌యూసేజ్' అంటే ముంబై రీజియన్‌లో (కంపెనీ తన సర్వర్లు ఉంచిన ప్రాంతం) సర్వర్ నడిచిన గంటలు. 'ఈబీఎస్ వాల్యూమ్‌యూసేజ్' అంటే డిస్కుల అద్దె. ఈ రెండు వరసలను పక్కపక్కన పెట్టి చూడాలి. సర్వర్ గంటలు తగ్గినా డిస్కుల అద్దె తగ్గలేదంటే, ఎవరో సర్వర్‌ను ఆపి డిస్కును వదిలేశారన్నమాట. ఏడబ్ల్యూఎస్‌లో ఆపేసిన సర్వర్‌కు గంటల బిల్లు పడదు కానీ డిస్కుకూ, దానికి పట్టి ఉంచిన ఎలాస్టిక్ ఐపీకీ (మారని ఇంటర్నెట్ అడ్రసు) పడుతూనే ఉంటుంది. ఆ డిస్కులో కాలేజీ పాత డేటాబేస్ కాపీ ఉంటే అది ఖర్చు సమస్య మాత్రమే కాదు, పిల్లల ఆధార్ కాపీలు ఎవరూ చూడని మూల పడి ఉన్నాయన్నమాట.

ఐపీల లెక్క చూద్దాం. 2024 ఫిబ్రవరి 1 నుంచి ఏడబ్ల్యూఎస్ ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకూ గంటకు 0.005 డాలర్లు తీసుకుంటోంది. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. నెలకు 730 గంటలు వేసుకుంటే 3.65 డాలర్లు. డాలరు 85 రూపాయలు అనుకుంటే 310 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 366. మరిచిపోయినవి ఐదుంటే ఏడాదికి 22 వేల దాకా పోతుంది. ఆ డబ్బు ఒక ఎత్తు, ప్రతి పబ్లిక్ ఐపీ ఇంటర్నెట్ వైపు తెరిచి ఉన్న ఒక కిటికీ కావడం ఇంకో ఎత్తు. ఖర్చు కోసం తీసేసిన ఐపీ భద్రతకూ పనికొస్తుంది. (జీఎస్టీ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి: బిల్లింగ్ సెట్టింగుల్లో ఆఫీసు జీఎస్టీ నంబరు ఎక్కించకపోతే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవడానికి ఉండదు. చాలామంది ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు.)

అజూర్‌లో ఇంకో మోసపోయే చోటుంది. విండోస్ లోపలికి వెళ్లి షట్‌డౌన్ కొడితే సర్వర్ ఆగుతుంది, బిల్లు ఆగదు. పోర్టల్‌లో 'స్టాప్డ్' అని మాత్రమే కనిపిస్తే మెషీన్ ఇంకా మన పేరు మీదే ఉన్నట్టు. 'స్టాప్డ్ డీఅలకేటెడ్' అని కనిపించినప్పుడే గంటల లెక్క ఆగుతుంది. ఈ ఒక్క మాట తెలియక నెలలు గడిచిపోతాయి.

డిస్కుల విషయంలో ఏడబ్ల్యూఎస్ వాడేవాళ్లు జీపీ2 రకం ఉంటే జీపీ3కి మార్చుకోవచ్చు, గిగాబైట్ ధర 20 శాతం దాకా తక్కువ. సర్వర్ ఆపకుండానే మార్చవచ్చు.

ఏడాదికో మూడేళ్లకో ఒప్పుకుంటే 72 శాతం దాకా తగ్గింపు అనే సేవింగ్స్ ప్లాన్ల సంగతి మాత్రం నిదానంగా ఆలోచించాలి. చీనీ తోటను గుత్తకు తీసుకోవడం లాంటిదే అది. కాపు వచ్చినా రాకున్నా గుత్త కట్టాల్సిందే. ఫలితాల వారం తప్ప మిగతా రోజుల్లో ఖాళీగా ఉండే కాలేజీ సర్వర్‌కు మూడేళ్ల గుత్త నష్టమే. ఇరవై నాలుగు గంటలూ నడిచే ల్యాబ్ రిపోర్టుల డేటాబేస్ లాంటి వాటికి ఏడాది ఒప్పందం సరిపోతుంది, అదీ పనికిరానివన్నీ తీసేశాక మిగిలిన దాని మీదే. శుభ్రం చేయకముందే ఒప్పందం రాసుకుంటే చెత్తకు కూడా ఏడాది అద్దె ముందే ఒప్పుకున్నట్టు. ఖర్చు సాధనాలు ఇచ్చే సలహాల్లో ఈ వరస క్రమం చాలాసార్లు కనిపించదు. గడిచిన నెల వాడకం చూసి ఇంత కొనండి అని చెప్పేస్తాయి.

అలర్ట్ వస్తుంది, సర్వర్ ఆగదు

బోరు మోటారుకు ఇప్పుడు మన రైతులు మొబైల్ స్టార్టర్లు పెట్టుకుంటున్నారు. మోటారు ఆడుతోందని ఫోనుకు మెసేజ్ వస్తుంది, ఇంటి దగ్గర నుంచే ఆపవచ్చు. క్లౌడ్ బడ్జెట్ అలర్టులు కూడా ఇలాగే పనిచేస్తాయని చాలామంది అనుకుంటారు. అందులో సగమే నిజం. మెసేజ్ వస్తుంది, మోటారు ఆడుతూనే ఉంటుంది.

గూగుల్ ఈ మాట తన సూచనల్లోనే రాసింది, బడ్జెట్ పెట్టినంత మాత్రాన వాడకానికి హద్దు పడదు. అజూర్‌లోనూ అంతే. పైగా మెసేజ్ కూడా వెంటనే రాదు. ఏడబ్ల్యూఎస్ బడ్జెట్ల లెక్క రోజుకు రెండు మూడుసార్లు తాజా అవుతుంది, అజూర్ బడ్జెట్లు రోజుకు ఒకసారి లెక్క చూసుకుంటాయి. శుక్రవారం రాత్రి తప్పుగా పెద్ద మెషీన్లు ఆన్ అయితే శనివారం దాకా తెలియదు. మెయిల్ చూసేది సోమవారం అయితే అప్పటికి మూడు రోజుల బిల్లు పడి ఉంటుంది.

ఆపే ఏర్పాటు వేరుగా చేసుకోవాలి. ఏడబ్ల్యూఎస్‌లో బడ్జెట్ యాక్షన్స్ ఉన్నాయి. హద్దు దాటితే ఎంచుకున్న సర్వర్లను ఆపేయడమో, కొత్తవి పెట్టకుండా అనుమతులు బిగించడమో అవే చేస్తాయి. ఈ రెండింటిలో రెండోదే చిన్న ఆఫీసుకు మంచిది. నడుస్తున్న ల్యాబ్ రిపోర్టుల యాప్‌ను బడ్జెట్ దాటిందని ఆపేస్తే పేషెంట్ ఇబ్బంది పడతాడు. కొత్త సర్వర్ పుట్టకుండా ఆపితే ఎవరికీ నష్టం లేదు, దొంగకు తప్ప. గూగుల్‌లో బిల్లింగ్‌నే తెంపేసేలా ప్రోగ్రాం రాసుకోవచ్చు. అది మెయిన్ స్విచ్ దించేయడం లాంటిది కాబట్టి ప్రయోగాలకు పెట్టుకున్న ప్రాజెక్టుల మీదే వాడాలి.

ఏడబ్ల్యూఎస్ కాస్ట్ ఎనామలీ డిటెక్షన్ అదనపు డబ్బు అడగదు. పాత వాడకాన్ని చూసి, ఈ రోజు ఖర్చు తేడాగా ఉందని చెబుతుంది. బడ్జెట్ నెల మొత్తాన్ని చూస్తే ఇది రోజు మీద కన్నేస్తుంది. రెండూ ఉండాలి.

దొంగ ముందు బిల్లులోనే దొరుకుతాడు

ఒక ఇంజనీరు పొరపాటున ఖాతా తాళమైన యాక్సెస్ కీని, ప్రోగ్రాంలు పంచుకునే గిట్‌హబ్ సైటులో పబ్లిక్‌గా పెట్టేశాడనుకుందాం. అలాంటి కీల కోసం రాత్రింబవళ్లు వెతికే ప్రోగ్రాంలున్నాయి. కీ దొరికిన వాడు చేసే మొదటి పని చాలాసార్లు డేటా దొంగతనం కాదు, క్రిప్టో మైనింగ్‌కు (కంప్యూటర్ లెక్కలతో డిజిటల్ నాణేలు సంపాదించడానికి) పెద్ద పెద్ద మెషీన్లు పెట్టడం. అదీ మనం చూసే ముంబైలో పెట్టడు, బ్రెజిల్‌లోని సావోపాలోలోనో ఇంకెక్కడో పెడతాడు. ఏడబ్ల్యూఎస్‌లో సర్వర్ల పేజీ ఒకసారికి ఒక రీజియన్‌నే చూపిస్తుంది. ముంబై తెరిచి చూసుకుని అంతా బాగుందనుకుంటాం. బిల్లు మాత్రం అన్ని రీజియన్లనూ కలిపి చూపిస్తుంది. 'ఎస్ఏఈ1' అని మొదలయ్యే వరస కనిపించిందంటే అనంతపురం ఆఫీసుకు సావోపాలోతో ఏం పనని అడగాలి. ఖర్చు సాధనం భద్రత అలారంగా పనిచేసేది ఇక్కడే.

ఇందులో ఒక చిత్రం ఉంది. 2022 నవంబరులో మొదలైన హైదరాబాద్ రీజియన్‌ను మనమే వెళ్లి ఆన్ చేసుకుంటే తప్ప వాడలేం. 2019 మార్చి 20 తర్వాత వచ్చిన రీజియన్లన్నీ ముందు మూసే ఉంటాయి. దగ్గరి హైదరాబాద్ మూసి ఉంటుంది, అంతకు ముందే ఉన్న సావోపాలో తెరిచి ఉంటుంది. పాత రీజియన్లను మూసే స్విచ్ లేదు. ఆర్గనైజేషన్స్‌లో (పలు ఖాతాలను ఒక ప్రధాన ఖాతా కిందికి తెచ్చే ఏర్పాటు) సర్వీస్ కంట్రోల్ పాలసీ రాసి, ముంబై, హైదరాబాద్ తప్ప ఇంకెక్కడా ఏమీ పెట్టకూడదని అడ్డుకోవాలి. ఆ పాలసీ ప్రధాన ఖాతా మీద పనిచేయదు కాబట్టి ప్రధాన ఖాతాలో ఏ సర్వరూ పెట్టకుండా బిల్లు కట్టడానికే ఉంచాలి. పైసా ఖర్చు లేని ఈ పని, వేల డాలర్ల సాధనం కొన్నా రాని రక్షణ ఇస్తుంది.

బిల్లు అలారం అన్నిసార్లూ మోగదు. 2018లో టెస్లాకు చెందిన కూబర్నెటిస్ (చాలా సర్వర్లను కలిపి నడిపే సాఫ్ట్‌వేర్) కన్సోల్ పాస్‌వర్డ్ లేకుండా తెరిచి ఉందని రెడ్‌లాక్ అనే భద్రత సంస్థ కనిపెట్టింది. అప్పటికే అందులో మైనింగ్ నడుస్తోంది. దొంగలు ప్రాసెసర్ వాడకాన్ని కావాలనే తక్కువగా ఉంచారు, గ్రాఫు లేవకూడదని. ఇలాంటివాళ్లను పట్టడానికి ఏడబ్ల్యూఎస్ నిఘా సాధనం గార్డ్‌డ్యూటీ లాంటివి కావాలి. అది సర్వర్ ఎవరెవరితో మాట్లాడిందో తెలిపే నెట్‌వర్క్, డీఎన్ఎస్ లాగులను (రికార్డులను) చూసి, ఈ సర్వర్ మైనింగ్ అడ్డాతో మాట్లాడుతోందని చెబుతుంది. 30 రోజులు ఉచితంగా నడిపి, తర్వాత ఎంత పడుతుందో అంచనా చూసుకోవచ్చు. రీజియన్‌కొకటి చొప్పున ఆన్ చేయాలి. పరిశీలించిన లాగులను బట్టే బిల్లు కాబట్టి వాడని రీజియన్లలో ఆన్ చేసినా పెద్దగా పడదు.

అజూర్‌లో డిఫెండర్ ఫర్ క్లౌడ్ మొదటి మెట్టు ఉచితం. సెక్యూర్ స్కోర్ ఇచ్చి, ఏది తెరిచి ఉందో చెబుతుంది, ఏడబ్ల్యూఎస్, గూగుల్ ఖాతాలను కూడా అందులోకి కలుపుకోవచ్చు. గూగుల్ సెక్యూరిటీ కమాండ్ సెంటర్‌కు ఉచిత స్టాండర్డ్ మెట్టు ఉంది. మొదలుపెట్టడానికి మూడింటిలో అజూర్‌దే తేలిక అనిపిస్తుంది. ఏడబ్ల్యూఎస్‌లో సాధనాలు ముక్కలు ముక్కలుగా ఉంటాయి, వాటిని కూర్చుకోవడం మన పని.

భద్రత సాధనం బిల్లు పెంచినప్పుడు

ఏడబ్ల్యూఎస్ సెక్యూరిటీ హబ్ చేసే చెకింగుల్లో ఎక్కువ భాగానికి కాన్ఫిగ్ అనే సర్వీసు కావాలి. కాన్ఫిగ్ ప్రతి మార్పునూ రాసుకుంటుంది, రాసుకున్న ప్రతిదానికీ కొంత తీసుకుంటుంది. సర్వర్లు పుడుతూ పోతూ ఉండే చోట కాపలాదారు జీతం ఇంటి అద్దెను మించుతుంది. 2023 నవంబరులో రోజుకు ఒకసారి మాత్రమే రాసుకునే పద్ధతి వచ్చింది. మార్పులు ఎక్కువగా ఉండే చోట అది వాడుకుంటే భారం తగ్గుతుంది.

లాగుల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులను 180 రోజులు ఉంచాలి, భద్రత ఘటన తెలిసిన 6 గంటల్లో తెలపాలి. ఖాతాలో ఎవరు ఏం చేశారో రాసే ఏడబ్ల్యూఎస్ క్లౌడ్‌ట్రెయిల్, మనం ఏమీ చేయకపోతే చూపించేది 90 రోజుల చరిత్రే. అంటే సగం. ఒక ట్రెయిల్ పెట్టి ఎస్3 బకెట్‌లోకి (ఫైళ్లు దాచే చోటు) పంపుకోవాలి. మొదటి ట్రెయిల్‌లో మేనేజ్‌మెంట్ ఘటనలకు రుసుము లేదు, బకెట్ అద్దె మాత్రమే. ఇక సర్వర్లు, యాప్‌లు రాసే క్లౌడ్‌వాచ్ లాగులు దీనికి తలకిందులు. మనం గడువు పెట్టకపోతే అవి ఎప్పటికీ పోవు, అద్దె పెరుగుతూనే ఉంటుంది. ఒకచోట చట్టం అడిగినంత ఉండదు, ఇంకోచోట ఎవరూ అడగనంత పేరుకుపోతుంది. ఖర్చు సాధనం ఒక్కటే చూసేవాడు లాగులన్నీ తీసేయమంటాడు, భద్రత ఒక్కటే చూసేవాడు అన్నీ ఉంచమంటాడు. 180 రోజులకు పైన కొద్ది గడువు పెట్టి, పాతవాటిని చవక నిల్వకు తోసే నియమం ఒక్కసారి రాసుకుంటే ఇద్దరి పనీ అవుతుంది. ల్యాబ్ రిపోర్టులు, విద్యార్థుల వివరాలు చేతిలో ఉన్న ఆఫీసుకు ఇది పట్టించుకోవాల్సిన సంగతే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రత ఏర్పాట్లు చేయకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది.

బయటి సాధనాలు

ఓపెన్ సోర్స్‌లో చిన్న ఆఫీసుకు ముందుగా పనికొచ్చేది, ఖాతాలో భద్రత లోపాలను వెతికే ప్రౌలర్. ల్యాప్‌టాప్ నుంచే, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న రోల్‌తో (అనుమతుల మూట) నడుస్తుంది. ఏడబ్ల్యూఎస్, అజూర్, గూగుల్ మూడింటినీ చూస్తుంది. మొదటిసారి నడిపినప్పుడు వందల కొద్దీ 'ఫెయిల్' వరసలు వచ్చి టెన్షన్ పెడతాయి. వాటిలో 'క్రిటికల్' మాత్రం వడకట్టి, రూట్ ఖాతాకు రెండో తాళం ఉందా, సర్వర్‌లోకి లాగిన్ అయ్యే 22వ పోర్టు 0.0.0.0/0కు, అంటే ఇంటర్నెట్ మొత్తానికి, తెరిచి ఉందా, బకెట్ ఏదైనా పబ్లిక్‌గా ఉందా, వెళ్లిపోయినవాళ్ల కీలు ఇంకా బతికే ఉన్నాయా అన్న నాలుగు చూస్తే ప్రమాదంలో పెద్ద భాగం తేలిపోతుంది. సర్వర్లను టెర్రాఫామ్‌తో (ఏం కావాలో ఫైలులో రాస్తే పెట్టే సాధనం) పెట్టేవాళ్లయితే, వాటిని పెట్టకముందే నెలకు ఎంత పడుతుందో ఇన్‌ఫ్రాకాస్ట్ చెబుతుంది, చెకావ్ ఎక్కడ తెరిచి ఉందో చెబుతుంది. రెండూ ఒకే ఫైలును చదువుతాయి.

క్లౌడ్ కస్టోడియన్ సంగతి వేరుగా చెప్పాలి. ఖర్చునూ భద్రతనూ ఒకే నియమాల పుస్తకంలో పెట్టిన సాధనం అది. ట్యాగ్ (ఎవరిదో చెప్పే చీటీ) లేని సర్వర్‌కు మూడు రోజులు గడువిచ్చి ఆపేయమని రాయవచ్చు, పబ్లిక్ బకెట్ కనిపిస్తే మూసేయమనీ రాయవచ్చు. దాన్ని తయారుచేసి 2016లో అందరికీ విడుదల చేసింది అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకు. అదే బ్యాంకులో 2019లో పెద్ద డేటా చోరీ బయటపడింది. అమెరికాలో దాదాపు 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది వివరాలు పోయాయి. సరిగా అమర్చని ఫైర్‌వాల్ గుండా దొంగ లోపలి రోల్ తాళాలు తీసుకోగలిగింది, ఆ రోల్‌కు ఉండాల్సిన దానికంటే ఎక్కువ అనుమతులున్నాయి. మరుసటి ఏడాది బ్యాంకు 8 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. సాధనం మంచిదే, ఇప్పటికీ మంచిదే. ఆ రోల్‌కు అన్ని అనుమతులు ఎందుకని అడిగే పని మాత్రం నియమంలో రాసుకుంటే తప్ప అలాంటి సాధనం తనంతట చేయదు.

డబ్బు పెట్టి కొనే పెద్ద వేదికల్లో, ఖర్చు చూసే క్లౌడ్‌హెల్త్‌ను 2018లో వీఎంవేర్ కొంది, 2023లో వీఎంవేర్‌నే బ్రాడ్‌కామ్ కొంది. క్లౌడబిలిటీని 2019లో ఆప్టియో, ఆప్టియోను 2023లో ఐబీఎం తీసుకున్నాయి. భద్రత చూసే విజ్‌ను 3,200 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు గూగుల్ 2025 మార్చిలో ప్రకటించింది. చేతులు మారిన ప్రతిసారీ ధర, సపోర్టు మారే అవకాశం ఉంటుంది కాబట్టి చిన్న ఆఫీసు వీటితో పొడుగాటి ఒప్పందాలు పెట్టుకోకూడదు. పైగా ఖర్చు వేదికలు చాలావరకు మన క్లౌడ్ బిల్లులో ఇంత శాతమని తీసుకుంటాయి. రెండు మూడు క్లౌడ్‌లు, పదుల ఖాతాలు, నెలకు లక్షల్లో బిల్లు వచ్చేదాకా సొంత సాధనాలూ ప్రౌలరూ చాలు.

ఇలాంటి ఏ వేదికైనా మన ఖాతాలోకి రావడానికి ఒక రోల్ అడుగుతుంది. చదివే అనుమతే ఇవ్వాలి, ఎక్స్‌టర్నల్ ఐడీ (ఆ వేదిక మన ఖాతాకంటూ ఇచ్చే ప్రత్యేక గుర్తు) లేకుండా ఇవ్వకూడదు. ట్రయల్ అయిపోయాక ఆ రోల్‌ను తీసేయాలి. ఖర్చు తగ్గించుకుందామని తీసిన తలుపు ఏళ్ల తరబడి తెరిచే ఉండిపోయిన ఖాతాలు తక్కువేమీ కాదు.

పేరు రాసిపెట్టుకోవడం

మళ్లీ మొదటి ప్రశ్నకు వస్తే, సొంతదారు ఎవరో తెలియడంలో మూడు క్లౌడ్‌లకూ తేడా ఉంది. అజూర్‌లో ప్రతి వస్తువూ ఏదో ఒక రిసోర్స్ గ్రూపులో ఉండి తీరాలి, గూగుల్‌లో ఏదో ఒక ప్రాజెక్టులో. ఏడబ్ల్యూఎస్‌లో ఒకే ఖాతాలో అన్నీ కలిపేయవచ్చు, చాలామంది అదే చేస్తారు. అందుకే అక్కడ కస్టమర్‌కొక ఖాతా పెట్టడం మంచిది. ఆర్గనైజేషన్స్‌కు రుసుము లేదు. కాలేజీ ఖాతా వేరు, నర్సింగ్ హోము ఖాతా వేరు అయితే బిల్లు తనంతట తనే విడిపోతుంది, ఒకచోట దొంగ పడినా రెండోదానికి వెళ్లలేడు. ఇప్పటికే కలిసిపోయి ఉంటే ట్యాగులే దిక్కు. 'సొంతదారు', 'కస్టమర్', 'ఎప్పటిదాకా' అని మూడు ట్యాగులు చాలు. ట్యాగ్ పెట్టగానే అది బిల్లులో కనిపించదు, బిల్లింగ్ పేజీలో దాన్ని యాక్టివేట్ చేయాలి. 2024 నుంచి వెనక్కి 12 నెలల దాకా లెక్కను ఆ ట్యాగుల ప్రకారం మళ్లీ విడగొట్టే వీలు కూడా ఉంది.

చివరికి ఒక చిన్న గడి మిగిలింది. ఏడబ్ల్యూఎస్ ఖాతా సెట్టింగుల్లో 'ఆల్టర్నేట్ కాంటాక్ట్స్' అని బిల్లింగ్, ఆపరేషన్స్, సెక్యూరిటీ పేర్లతో మూడు చోట్లుంటాయి. కీ బయటపడిందని ఏడబ్ల్యూఎస్ పంపే హెచ్చరిక సెక్యూరిటీ గడిలో ఉన్న మెయిల్‌కు వెళ్తుంది. మనం ఊహించిన ఆఫీసులో ఆ గడి ఖాళీగా ఉంది, ప్రధాన మెయిల్ దగ్గర బెంగళూరు వెళ్లిన కుర్రాడి అడ్రసే ఉంది. ముగ్గురు చూసే ఒక గ్రూప్ మెయిల్‌ను ఆ నాలుగు చోట్లా ఎక్కించడానికి పది నిమిషాలు పడుతుంది. ప్రౌలర్ నడపడానికి కూర్చునే ముందు చేయాల్సిన పని అదే.